సాగరగర్భంలో అంచెలు

2004 డిసెంబరు 26న సుమత్రా దీవి సమీపాన సముద్రగర్భం కంపించింది. అప్పుడు పుట్టిన సునామీ అలలు రెండు గంటలకు పైగా ప్రయాణించి మన తూర్పు తీరాన్ని తాకాయి. ఆ వ్యవధిలో వేలాది ప్రాణాలను కాపాడవచ్చు. కాని అల పుట్టిందన్న వార్తను తీరానికి చేర్చే వ్యవస్థ నాడు హిందూ మహాసముద్రంలో లేదు.

భూమిపై వార్తలను మోసే రేడియో తరంగాలను ఉప్పునీరు కొద్ది దూరంలోనే హరించివేస్తుంది. అందువల్ల కడలి లోతుల్లో ధ్వనియే దూత. సముద్రజలంలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు పయనిస్తుంది. అంటే 15 కిలోమీటర్లు దాటడానికి దానికి 10 సెకన్లు కావాలి. దూరం పెరిగినకొద్దీ అది క్షీణిస్తుంది. పౌనఃపున్యం హెచ్చయితే మరింత త్వరగా క్షీణిస్తుంది. అయితే ఎక్కువ సమాచారాన్ని వేగంగా పంపాలంటే హెచ్చు పౌనఃపున్యమే అనుకూలం.

ఈ చిక్కుకు పరిష్కారం అంచె పద్ధతి. పూర్వం తపాలా సంచిని ఒక బంటు కొంతదూరం మోసి మరొక బంటుకు అందించేవాడు. అట్లే సముద్రంలోనూ ఒక పరికరం సంకేతాన్ని విని, బలపరచి, ముందుకు పంపుతుంది. అంచెల నడుమ దూరం మితిమీరితే సంకేతం అందదు. అంచెలు మరీ ఎక్కువైతే ప్రతిచోటా జాప్యం జరుగుతుంది, బ్యాటరీలూ వ్యయమవుతాయి. వాటిని మార్చాలంటే ఓడ వెళ్ళవలసిందే.

సరిగ్గా నడిమధ్య నిలిపితే చాలునా? చాలదు. ఉష్ణోగ్రత, లవణీయత, పీడనాలను బట్టి నీటిలో ధ్వనివేగం మారుతుంది. ధ్వని తన వేగం తక్కువగా ఉండే పొర వైపు వంగుతుంది. అందువల్ల కొన్ని తావులు ధ్వని చేరని 'నీడ'లుగా మిగిలిపోతాయి. అటువంటి నీడలో నిలిచిన అంచె చేరువలో ఉన్నా చెవిటిదే. కాబట్టి దూరంతోపాటు నీటి స్వభావాన్నీ గ్రహించి తావును నిర్ణయించాలి.

నేటి సునామీ హెచ్చరిక వ్యవస్థలో ఈ సూత్రమే కనిపిస్తుంది. అడుగున ఉన్న పరికరం నీటి పీడనంలోని మార్పును గుర్తించి, ధ్వనిరూపంలో పైనున్న బోయాకు తెలుపుతుంది. బోయా ఆ వార్తను ఉపగ్రహానికి పంపుతుంది. అక్కడినుండి అది హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థకు చేరుతుంది. అక్కడి సునామీ హెచ్చరిక కేంద్రం 2007లో ప్రారంభమైంది. లంగరు తెగి బోయా దూరంగా కొట్టుకుపోతే, అడుగున పరికరం ఎంత సక్రమంగా పనిచేసినా దాని మాట ఒడ్డుకు చేరదు. ప్రమాదాన్ని పసిగట్టే పరికరానికి ఎంత విలువ ఉందో, దాని మాటను అందుకొనే అంచెకూ అంతే విలువ ఉంది.

అర్థాలు
అంచె : మజిలీ, వార్తను చేతులు మార్చే చోటు
బంటు : సేవకుడు
జాప్యం : ఆలస్యం

ప్రశ్నలు
1. సముద్రంలో వార్తను మోయడానికి ధ్వనినే ఎందుకు ఆశ్రయిస్తారు?
2. అంచెకు తగిన తావును ఎట్లా నిర్ణయించాలో వివరించండి.