లంఖణం పరమౌషధమా?

"లంఖణం పరమౌషధం" అని మన పెద్దలంటారు. అతిగా తిని అజీర్తి చేసిన పెద్దవారికి ఒక పూట పస్తు ఫరవాలేదు. షుగరు మందులు వాడేవారికి మాత్రం అదీ ప్రమాదమే. ఇక వానాకాలంలో నిజాంసాగర్ చుట్టుపక్కల ఊళ్ళ నుండి వాంతులు, విరేచనాలతో వచ్చే పసిబిడ్డల సంగతి వేరు. "నీళ్ళు తాపితే మోషన్లు ఎక్కువైతయని తాపలేదు సిస్టరమ్మా" అనే తల్లులను మేము చూస్తూనే ఉంటాము. నీళ్ళు మాన్పిస్తే విరేచనాలు ఆగవు. ఒంట్లోని నీరు, ఉప్పు పోవడం వల్లనే బిడ్డ ప్రాణం మీదికి వస్తుంది.

1971లో పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థుల మధ్య కలరా వ్యాపించి, సెలైన్ సీసాలు అయిపోవచ్చినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్ళు తాగించారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు 4 లోపుకు దిగాయి. నేటి ఓ.ఆర్.ఎస్. ఆ దారిలోనిదే.

పెద్ద ప్యాకెట్ మొత్తాన్ని కాచి చల్లార్చిన 1 లీటరు నీళ్ళలో ఒకేసారి కలపండి. 24 గంటలు దాటితే పారబోయండి. వాంతి చేసుకుంటే 10 నిమిషాలాగి చెంచాతో కొద్దికొద్దిగా తాపండి. తల్లిపాలు మాన్పించవద్దు. అన్నం తినే బిడ్డకు మెత్తని పప్పన్నం, అరటిపండు పెట్టండి. డాక్టరు రాసిన జింకు మాత్రలు, విరేచనాలు తగ్గినా, 14 రోజులూ వేయండి.

కళ్ళు లోతుకు పోయినా, మూత్రం తగ్గినా, విరేచనంలో రక్తం పడినా, బిడ్డ మత్తుగా ఉండి తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. దారిలో కూడా తాగగలిగితే తాపుతూనే రండి.