భోజనం వేళకి ఏ ఊళ్లో ఉంటాం?

విశాఖ నుంచి రాజమండ్రి వైపు కారులో బయల్దేరిన ఏ కుటుంబమైనా దారిలో అడిగే మాట ఒకటే: "భోజనానికి ఎక్కడ ఆగుదాం?" ఆకలేశాక అడిగితే ఆలస్యమైనట్టే. ఓసారి మేం "ఇంకో పది కిలోమీటర్లు పోనీ" అనుకుంటూ మూడు దాటించాం. చివరికి దొరికినచోట ఆగితే చల్లారిన అన్నం, అడుగంటిన సాంబారు. తినేముందు వేసుకోవాల్సిన సుగర్ మాత్ర అరచేతిలో పెట్టుకుని అమ్మ ఎదురుచూడటం ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఆ రోజు నుంచి ఈ పద్ధతి పాటిస్తున్నాను.

1. ముందురోజే లెక్క వేయండి

వెతకాల్సింది హోటల్ పేరు కాదు, పన్నెండున్నరకి తగిలే ఊరు. గాజువాక, కూర్మన్నపాలెం దాటి అనకాపల్లి చేరడానికే గంట పడుతుంది. స్టీల్ ప్లాంటు షిఫ్టు మారే వేళైతే ఇంకాస్త ఎక్కువ. పదింటికి బయల్దేరితే, సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని తునిలో భోజనం. ఎనిమిదింటికే బయల్దేరితే తుని మరీ పెందలాడే వచ్చేస్తుంది. దాదాపు 190 కిలోమీటర్ల రాజమండ్రి దాకా ఆగొచ్చు.

2. హైవే దిగండి

పెద్దవాళ్లు ఇప్పటికీ ఐదో నంబరు అనే మన 16వ నంబరు జాతీయ రహదారి చాలా ఊళ్లను పక్కన పెట్టి పోతుంది. మంచి మెస్సులు ఊళ్లోనే ఉంటాయి, ఆర్టీసీ కాంప్లెక్సు, కోర్టు, బ్యాంకుల చుట్టుపక్కల. హైవే మీద తిన్నవాళ్లు మళ్లీ రాకపోయినా ఆ హోటల్‌కి గడిచిపోతుంది. ఊళ్లో మెస్సుకి మాత్రం ఇవాళ తిన్న గుమాస్తాయే రేపూ రావాలి. రుచికి అదే పూచీ. దానికోసం పావుగంట పోయినా పరవాలేదు.

3. స్కూటర్లు చూడండి

ఊరివాళ్లు తినే చోటేదో తెలియాలంటే ఒకప్పుడు నంబరు ప్లేటు చూస్తే సరిపోయేది. 31 అంటే విశాఖ, 5 అంటే తూర్పుగోదావరి. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చాక ఆ ఆనవాలు పోయింది. అందుకే ఇప్పుడు గుమ్మం ముందు స్కూటర్లు, మోటార్ సైకిళ్లు చూస్తాను. భోజనం కోసం యాభై కిలోమీటర్లు స్కూటర్ మీద ఎవరూ రారు. అవి ఊరివాళ్ల బళ్లే.

4. ముందు ఒక్కరే దిగండి

అందర్నీ దించేస్తే, నచ్చకపోయినా తినేసి వస్తాం. ఒక్కరే వెళ్లి బాత్‌రూమ్, చేతులు కడుక్కునే చోటు, ఆ తర్వాత వంటగది చూడాలి. అడగాల్సింది ఒక్కటే. తునిలో ఓ మెస్సులో అడిగాను: "బాబూ, అన్నం ఎప్పుడు వార్చారు?" "ఇప్పుడే వారుస్తున్నారమ్మా, ఐదు నిమిషాలు కూర్చోండి" అన్నాడు వడ్డించే అబ్బాయి. తలుపు సందులోంచి కనిపిస్తూనే ఉంది. గుండిగ మీద మూత పెట్టి, గుడ్డతో అదిమిపట్టి, ఇద్దరు మనుషులు ఒంచుతున్నారు. తెల్లటి గంజి ధార కడుతోంది. కారు దగ్గరికి వెళ్లి అందర్నీ రమ్మన్నాను.

5. వడ్డించుకునే పద్ధతి

పిల్లలకి ముందు ముద్దపప్పు, నెయ్యి. ఆకలి తీరాక కూరలు. పెద్దవాళ్లకి చారు, పెరుగు. చేపలు, రొయ్యలు జనం కిటకిటలాడే వేళే తినండి. రెండున్నర దాటితే శాకాహారమే మేలు. మంచినీళ్లు ఇంటినుంచే తెచ్చుకోండి.

6. లెక్క తప్పితే

టైరు పంక్చరైతే లెక్కంతా తారుమారు. అందుకే ఓ డబ్బా పులిహోర కారులో ఉంచుకోండి. అన్నవరంలో ఆకు పొట్లంలో ఇచ్చే గోధుమనూక ప్రసాదం పిల్లల్ని కాసేపు నిలబెడుతుంది గానీ భోజనమంత కాదు.

7. రాసిపెట్టుకోండి

ఎక్కడ హైవే దిగాలో, రోడ్డుకి ఏ వైపో రాసుకోండి. డివైడర్ ఉన్న రోడ్డు మీద వెళ్లేటప్పుడు ఎదురైన హోటల్ తిరుగు ప్రయాణంలో అవతలి వైపు పడుతుంది. దానికోసం ఎదురుగా బండి నడపడం ప్రాణాలమీదికి తెచ్చుకోవడమే.

నా నోటుపుస్తకంలో తుని పేజీలో రుచి గురించి ఒక్క ముక్కే ఉంది. మిగతాదంతా ఇలా: "మెట్లు రెండే. పట్టుకోవడానికి కమ్మీ ఉంది. పన్నెండు నలభైకి అమ్మ మాత్ర వేసుకుంది."