గ్రామ సంఘములో ఒక సంవత్సరము

(వాక్య పఠనము. ఆదివార కూటములలోను స్త్రీల, యౌవనుల సమాజములలోను చదివి చర్చించుటకు)

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 26:1-11, రోమా 14:5-8, గలతీ 4:8-11



ఏటేటా శ్రమకాలము దగ్గరపడగానే మన సంఘాలలో ఒక ప్రశ్న లేస్తుంది. "మనము బాప్టిస్టులము గదా, ఈ నలువది దినాలు మనకెందుకు?" అని కొందరు పెద్దలు అంటారు. "పక్క సంఘములో ప్రతి సాయంత్రము కూటము జరుగుతుంటే మన పిల్లలు అక్కడికి పోయి కూర్చుంటున్నారు, మనమూ పెట్టుకొందాము" అని మరికొందరు అంటారు. ఇది కమిటీలో చేతులెత్తి తేల్చుకొనే సంగతి కాదు. సంఘమునకు తనదైన ఒక సంవత్సరము ఉండవలెనా? ఉంటే అది దేనితో నిండియుండవలెను? ఇదే అసలు ప్రశ్న. ఈ పాఠములో ముందుగా ఇంగ్లండు దేశపు పల్లెటూరి గుడిలో సంవత్సరము ఎలా గడిచేదో చూతము. అటువంటి పల్లెలో పుట్టిన ఒక బాప్టిస్టు దానిలో దేనిని విడిచెనో, దేనిని వెంట తీసికొని వెళ్లెనో గమనింతము. ఆ తరువాత మన సంగతి ఆలోచింతము.

1. పారిష్ అనగా ఏమి?

ఇంగ్లండులో ఊరు, ఊరి పొలాలు, వాటి పొలిమేరలోపల కాపురమున్న ప్రతి ఇల్లు కలిసి ఒక పారిష్. అందులో పుట్టిన బిడ్డను పుట్టిన కొద్ది దినములకే గుడికి తెచ్చి నీళ్లు చల్లించేవారు. ఆ గుడిలోనే పెండ్లి, ఆ గుడి ఆవరణలోనే సమాధి. 1538లో రాజు మంత్రియైన థామస్ క్రామ్‌వెల్ ఇచ్చిన ఉత్తరువు ప్రకారము ప్రతి పారిష్ గుడిలో బాప్తిస్మములకు, వివాహములకు, భూస్థాపనలకు రిజిస్టరు వ్రాయుట మొదలాయెను. రాజుల పేర్లు చరిత్ర పుస్తకాలలో ఉంటాయి. కూలివాని పేరు, అతని చనిపోయిన పసిబిడ్డ పేరు ఆ గుడి రిజిస్టరులో మాత్రమే ఉంటాయి.

2. ఆ గుడి సంవత్సరము

వారి సంవత్సరము జనవరితో మొదలు కాదు. క్రిస్మసుకు ముందు నాలుగు ఆదివారములు ఆగమన కాలము. అక్కడే వారికి కొత్త సంవత్సరము. క్రిస్మసు పండ్రెండు దినములు గడిచి, జనవరి 6 దాటిన తరువాత వచ్చే మొదటి సోమవారమును నాగలి సోమవారము అనేవారు. అది దున్నకము మొదలయ్యే రోజు. దానికి ముందటి ఆదివారము నాగలిని గుడిలోనికి తెచ్చి ప్రార్థించు వాడుక నేటికీ కొన్ని గ్రామములలో ఉన్నది.

తరువాత భస్మ బుధవారముతో నలువది దినములు మొదలవుతాయి. వాటి మధ్యలో నాలుగవ ఆదివారము తల్లుల ఆదివారము. దూరపు ఊళ్లలో పెద్దల ఇండ్లలో పనికి కుదిరిన ఆడపిల్లలను ఆ దినమున తల్లిని చూచుటకు ఇంటికి పంపేవారు. వారు దారిలో పూలు కోసికొని తల్లికి ఇచ్చేవారు. ఈస్టరు గడిచిన తరువాత ఊరి పెద్దలు గుడిలో కూడి లెక్కలు చూచుకొని, ఆ సంవత్సరమునకు గుడి పెద్దలను ఎన్నుకొనేవారు. బీదల పోషణ, బాటల మరమ్మతు కూడ ఒకప్పుడు ఆ కూటపు బాధ్యతలే.

ఆరోహణ దినమునకు ముందు మూడు రోజులు విజ్ఞాపన దినములు. ఇది మనము నిదానించి చూడవలసిన సంగతి. అప్పుడు గుడి బోధకుడు, పెద్దలు, పిల్లలు కలిసి ఊరి పొలిమేర వెంబడి నడిచేవారు. పిల్లల చేతులలో కర్రబెత్తములు ఉండేవి. హద్దురాయి వచ్చినచోట ఆగి దానిని బెత్తముతో కొట్టేవారు, పంట కొరకు ప్రార్థించేవారు. కొన్నిచోట్ల పిల్లవానిని ఎత్తి ఆ రాతిమీద మెల్లగా కుదేసేవారు కూడ! ఎందుకు? అప్పట్లో అందరి యొద్ద పటములు లేవు. అరువది ఏండ్ల తరువాత హద్దు తగాదా వస్తే, "నేను చిన్ననాడు ఈ రాతి దగ్గర నిలిచితిని" అని చెప్పగల ముసలివాడు ఒకడు ఉండవలెను. ఆ ముసలివానిని వారు ఆరేండ్ల వయస్సులోనే తయారు చేసికొనేవారు.

పెంతెకొస్తు గడిచి, ఆగస్టు 1న కొత్త గోధుమలతో చేసిన మొదటి రొట్టెను గుడికి తెచ్చే పురాతన వాడుక ఒకటి ఉండేది. అది మరుగునపడగా, 1843లో కార్న్‌వాల్ ప్రాంతపు మోర్వెన్‌స్టో గ్రామములో రాబర్ట్ స్టీఫెన్ హాకర్ అను బోధకుడు అక్టోబరు 1వ తేదీన ఊరివారినందరిని పిలిచి కోతకొరకు కృతజ్ఞతారాధన జరిపించెను. అక్కడనుండి ఆ పండుగ దేశమంతట వ్యాపించినది. మన కోత పండుగకు అది దగ్గరి చుట్టము. ఇక నవంబరులో చనిపోయిన వారి జ్ఞాపకము. మొదటి ప్రపంచయుద్ధము తరువాత, నవంబరు 11కు దగ్గరి ఆదివారమున, ఆ ఊరినుండి యుద్ధమునకు పోయి తిరిగి రాని వారి పేర్లు ఒక్కొక్కటిగా చదువుదురు. అంతటితో మరల ఆగమన కాలము.

3. ఆ పల్లె పిల్లవాడొకడు

నార్తాంప్టన్‌షైర్‌లోని పాలర్స్‌పరీ గ్రామములో 1761 ఆగస్టు 17న విలియం కేరీ పుట్టెను. తండ్రి ఎడ్మండ్ మొదట నేతగాడు, తరువాత అదే ఊరి పారిష్ గుమాస్తా, బడిపంతులు. అనగా పసితనమున నీళ్లు చల్లించుకొన్నది, పాఠములు వల్లించినది, ప్రార్థన పుస్తకము విన్నది అంతయు ఆ గుడి నీడనే. తరువాత చెప్పులు కుట్టు పని నేర్చుకొనుచుండగా అతని మనస్సు మారినది. లేఖనములు చదివి, నమ్మినవారికే బాప్తిస్మమని గ్రహించి, 1783 అక్టోబరు 5న నార్తాంప్టన్‌లో నీన్ నదిలో జాన్ రైలాండ్ చేత బాప్తిస్మము పొందెను.

అతడు విడిచినదేమి? పుట్టుకచేత సంఘస్థుడగుట అను దానిని విడిచెను. పొలిమేరలోపల పుట్టినందువలన ఎవడును క్రీస్తువాడు కాడు అని తెలిసికొనెను. ఇది మన బాప్టిస్టు విశ్వాసమునకు మూలరాయి.

అయితే కాలమును దేవునికి అప్పగించుటను బాప్టిస్టులు విడువలేదు. పండుగల పట్టికను పక్కన పెట్టి మరియొక లెక్క పెట్టుకొనిరి. వారమునకు ప్రభువు దినము; సంవత్సరమునకు ఒకసారి అసోసియేషన్ కూటము. 1784లో నార్తాంప్టన్‌షైర్ బాప్టిస్టు అసోసియేషన్ కూటములో, ప్రతి నెల మొదటి సోమవారము సాయంత్రము సంఘములన్నియు సువార్త వ్యాప్తికొరకు ప్రార్థించవలెనని తీర్మానించిరి. అవి చిన్న చిన్న పల్లె సంఘములు. ఎనిమిదేండ్లు ఆ ప్రార్థన సాగిన తరువాత, 1792 అక్టోబరు 2న కెట్టరింగ్‌లో ఒక విధవరాలి ఇంటిలో మిషనెరీ సంఘము ఏర్పడినది. ఆ దినమున ఇచ్చెదమని మాట ఇచ్చిన సొమ్ము 13 పౌనుల 2 షిల్లింగుల 6 పెన్నీలు. మరుసటి ఏడు నవంబరులో కేరీ బెంగాలు చేరెను. 1814లో ఆయన తెలుగు వ్యాకరణము, 1818లో శ్రీరాంపూరులో తెలుగు క్రొత్త నిబంధన అచ్చయినవి. మన భాషలో మన చేతికి వచ్చిన ఆ గ్రంథము వెనుక పల్లెటూరి సంఘముల సోమవారపు సాయంత్రములు ఉన్నవని మనము మరువరాదు.

4. మన పెద్దలు ఉంచుకొన్నవి

తెలుగు బాప్టిస్టుల చరిత్ర కూడ ఒక తేదీతో ముడిపడియున్నది. 1854 జనవరి 1 తెల్లవారుజామున జూవెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండమీద మోకరించిరి. సరిగా పదుమూడేండ్లకు, 1867 జనవరి 1న, ఎనిమిదిమందితో ఒంగోలు సంఘము ఏర్పడినది. క్లౌ దొరగారి కాలములో బోధకులు మూడు నెలలకొకసారి ఒంగోలులో కూడి, లెక్కలు చెప్పి, నేర్చుకొని, మరల పల్లెలకు పోయేవారు. 1876-78 కరువు తరువాత, 1878 జూలై 3న, ఒక్క దినమున 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మము పొందిరి. అదే సంవత్సరము జూవెట్ దొరగారు మద్రాసు చేరి అక్కడి తెలుగువారి మధ్య పని ప్రారంభించిరి. రాష్ట్రము వెలుపల ఉన్న మనకు ఇది దగ్గరి సంగతి.

ఆ పల్లె సంఘములకు తమ సంవత్సరము ఉండేది. డిసెంబరు 31 రాత్రి కూటము. కుప్ప నూర్చిన తరువాత కోత పండుగ. అన్నము వండిన ప్రతిసారి తల్లి పక్కన తీసిపెట్టిన పిడికెడు బియ్యము. నెలకొకసారి ప్రభు భోజనము. వేసవిలో చెరువులోనో కాలువలోనో బాప్తిస్మములు. పట్టిక వ్రాసి గోడకు అంటించలేదు. అయినను పిల్లలకు అది తెలుసు.

5. స్థిరపడిన మన సంగతి

ఇప్పుడు మనలను చూచుకొందము. మన తాతలు గనులకు, మిల్లులకు, రైలు పనులకు, మునిసిపాలిటీ పనులకు వచ్చిరి. కొన్నిచోట్ల ఆ పనులే లేకుండ పోయినవి. కోలారు బంగారు గనులు 2001లో మూతపడినవి. అయినను సంఘములు నిలిచియున్నవి. అందుకు దేవునికి స్తోత్రము.

కాని ఒక ప్రమాదము మన మధ్యకు మెల్లగా వచ్చినది. "మా తాతగారు బాప్టిస్టు, కనుక మేమును బాప్టిస్టులము" అనే మాట వినబడుచున్నది. క్రిస్మసుకు, పెండ్లికి, భూస్థాపనకు మాత్రమే కనబడు కుటుంబములున్నవి. సమాధి స్థలము కొరకే సభ్యత్వపు చందా కట్టువారున్నారు. ఆలోచించండి! కేరీ విడిచివచ్చిన పారిష్‌ను మనము వేరొక దారిన మరల కట్టుకొనుచున్నాము. పొలిమేర రాళ్లకు బదులు ఇంటిపేర్లు పెట్టుకొన్నాము. అంతేకాదు, పారిష్‌లో ఉన్న మంచి మనకు రాలేదు. వారు పిల్లవానిని హద్దురాతి దగ్గరకు నడిపించిరి. మన మనుమలకు తెలుగు బైబిలులో ఒక వచనము చదువుట రాదు. తమ సంఘమును ఎవరు ప్రారంభించిరో తెలియదు.

దినములను ఆచరించుట రక్షణ ఇస్తుందని తలంచిన గలతీయులను గూర్చి పౌలు భయపడెను. అదే పౌలు రోమీయులకు వ్రాయుచు, దినమును ఎంచువాడైనను ఎంచనివాడైనను ప్రభువు కొరకే చేయవలెనని, ఒకరినొకరు తీర్పు తీర్చుకొనరాదని బోధించెను. కనుక నలువది దినములు పెట్టుకొనవలెనా వద్దా అని వాదులాడుకొనుటకంటె, మన సంవత్సరములో ప్రభువుకు ఏ పని జరుగుచున్నదని అడుగుట మేలు.

ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయము మనకు దారి చూపును. ఇశ్రాయేలీయుడు ప్రథమఫలముల గంపను తెచ్చి ఊరకే పెట్టి పోరాదు. తన పితరుడు నిలువ నీడలేక పరదేశమునకు పోయిన సంగతి, అక్కడి శ్రమ, దేవుడు విడిపించిన విధము నోటితో చెప్పవలెను. గంపతోపాటు కథ. ఆ విందులో పరదేశికిని పాలు ఉండవలెను. వలస వచ్చిన మనకొరకే వ్రాయబడినట్లున్నది ఈ భాగము.

ప్రతి సంఘము చేయగలిగినవి కొన్ని సూచించుచున్నాము:

(1) జనవరి మొదటి ఆదివారము సంఘ నిబంధనను, సభ్యుల పట్టికను బిగ్గరగా చదువుట. రాని వారి ఇంటికి ఆ వారములోనే ఇద్దరు పెద్దలు వెళ్లుట.

(2) వేసవి సెలవులలో పిల్లలకు తెలుగు అక్షరములు. ఓనమాలు నేర్పినవారే యోహాను సువార్త చదివించుట. బాప్తిస్మము కోరు యౌవనులకు వేరుగా తరగతి. తండ్రి విశ్వాసమును గూర్చి కాక వారి విశ్వాసమును గూర్చి ప్రశ్నించుట.

(3) ఏడాదికి ఒక దినము పిల్లలను వెంటబెట్టుకొని సభ్యుల ఇండ్లన్నిటిని దర్శించుట. మనకు పొలిమేర లేదు. మన హద్దురాళ్లు మన సభ్యుల గుమ్మములే. ప్రతి గుమ్మమునొద్ద ఒక ప్రార్థన.

(4) కోత పండుగలో నోట్ల కవరు మాత్రమే కాక, ప్రతి ఇంటినుండి ఒకరు తమ కుటుంబము ఈ ఊరికి ఎట్లు వచ్చెనో రెండు మాటలు చెప్పుట. ఆ దినపు భోజనమునకు తమిళ, కన్నడ, మరాఠీ, ఒడియా పొరుగువారిని పిలుచుట.

(5) పాత రిజిస్టర్లను చెదలు తినకమునుపు మంచి చేతివ్రాతతో తిరిగి వ్రాయించి, నవంబరులో ఒక ఆదివారము మొదట వచ్చినవారి పేర్లు చదువుట. చదువు రాని కూలివారు అణా అణా కూర్చి కట్టిన గుడులలో మనము కూర్చుంటున్నాము. వారి పేర్లు పలుకుటకు అరగంట ఎక్కువ కాదు.

(6) నెల మొదటి సోమవారము ఒక గంట ప్రార్థన. పదిమంది వచ్చినను చాలు. ఒంగోలు కొండమీద ఉన్నది ఐదుగురే.

చర్చించుటకు ప్రశ్నలు

1. పారిష్‌లో పుట్టి చేరినవాడు, విశ్వసించి బాప్తిస్మము పొంది చేరినవాడు - వీరిద్దరికి భేదమేమి? మన సంఘములో ఆ భేదము నేడు కనబడుచున్నదా?

2. గలతీ 4:10-11కును రోమా 14:5-6కును పొందిక ఎట్లు?

3. మీ కుటుంబము ఈ ఊరికి వచ్చిన కథ మీ పిల్లలకు తెలుసా? ఎవరు చెప్పిరి?

4. పైన చెప్పిన ఆరింటిలో ఈ ఏడాది మీ సంఘము ఏ ఒక్కటి మొదలుపెట్టగలదు? దాని బాధ్యత ఎవరిది?

ప్రియులారా, అరువది ఏండ్ల తరువాత ఈ ఊరిలో, "ఇక్కడ ఒక తెలుగు బాప్టిస్టు సంఘము ఉండేదా?" అని ఎవరైనా అడుగవచ్చును. "ఉండేది కాదు, ఉన్నది; నేను చిన్ననాడే ఆ పెద్దల వెంట నడిచితిని" అని జవాబు చెప్పవలసినవాడు ఇప్పుడు మన ఆదివారపు బడిలో ముందు బల్లమీద కూర్చున్నాడు. వానిని ఈ సంవత్సరమే చేయిపట్టి నడిపించుదము. ప్రభువు మన సంఘములను దీవించును గాక. ఆమేన్.