ఫైబర్ దిండును ఇంట్లో ఉతకడం, లోపలిదాకా ఆరబెట్టడం



మన గోదావరి జిల్లాల ఇళ్ళలో ఒకప్పుడు దిండు అంటే బూరుగు దూది దిండే. కాయలు పగిలే రోజుల్లో దూది తీసి, గింజలు ఏరి, ఇంట్లోనే కుట్టుకునేవారు. ఇప్పుడు చాలా ఇళ్ళలో ఫైబర్ దిండ్లు వచ్చాయి. కొందరు వీటిని రిక్రాన్ దిండ్లు అంటారు. ఈకల దిండులా తేలికగా, మెత్తగా ఉంటాయి. బూరుగు దూది దిండును ఉతికితే గడ్డలు కట్టి పాడవుతుంది. దానికి ఎండే శుభ్రం. ఫైబర్ దిండును మాత్రం ఉతకవచ్చు.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. ఫైబర్ దిండు పైన ఆరిపోయినట్లు కనిపిస్తుంది, లోపల తడి ఉండిపోతుంది. ఆయాసంతో, పిల్లికూతలతో బాధపడే బిడ్డ రాత్రంతా ముఖం ఆనించి పడుకునేది ఆ దిండు మీదే. అందుకే ఈ పాఠంలో ఉతకడం కంటే ఆరబెట్టడం గురించే ఎక్కువ చెబుతున్నాను.

దిండులో ఏముంటుంది?

మన తలలోని నూనె, చెమట, చొంగ, రాలిన చర్మపు పొట్టు గలీబులోంచి దిండులోకి దిగుతాయి. ఆ పొట్టును తిని బ్రతికే అతి చిన్న పురుగును డస్ట్ మైట్ అంటారు. అది మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది, కంటికి ఆనదు. ఇది కుట్టదు, కరవదు. దీని మలం పొడిగా మారి ముక్కులోకి పోతే, పడని వారికి తుమ్ములు, ముక్కు కారడం, ఉబ్బసం వస్తాయి. ఈ పురుగు నీళ్ళు త్రాగదు, గాలిలోని తేమనే పీల్చుకుంటుంది. నది, కాలువలు, సముద్రం చుట్టూ ఉన్న మన డెల్టాలో దానికి తేమ కరువు లేదు.

రెండవది బూజు. ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయం వారు ఏడాదిన్నర నుండి 20 ఏళ్ళ దాకా వాడిన 10 దిండ్లను పరీక్షించి, 2006లో ఫలితాలు ప్రచురించారు. ఈకల దిండ్లలోనూ, ఫైబర్ దిండ్లలోనూ బూజు దొరికింది. ఒక్కొక్క దిండులో 4 నుండి 16 రకాలు ఉన్నాయి. కాబట్టి “ఫైబర్ కదా, దానిలో ఏమీ చేరదు” అనుకోవడం సరికాదు.

ఎప్పుడు ఉతకాలి?

గలీబును వారం వారం వేడి నీళ్ళతో ఉతకండి. దిండును ఏడాదికి రెండు మూడు సార్లు ఉతికితే చాలు. వానలు పడకముందు వేసవిలో ఒకసారి, వానలు వెళ్ళాక సంక్రాంతి ప్రాంతంలో ఒకసారి మంచి సమయం. రెండు రోజులు వరుసగా ఎండ కాస్తుందనుకుంటేనే మొదలుపెట్టండి. ముసురు పట్టిన రోజుల్లో దిండు మురికిగా ఉన్నా ఉతకవద్దు. ఆరని దిండు కంటే ఉతకని దిండే మేలు.

ఉతికే ముందు దిండును మధ్యకు మడిచి వదలండి. తిరిగి విచ్చుకుంటే ఇంకా పనికి వస్తుంది. మడిచినట్లే ఉండిపోతే దాని ఆయుష్షు తీరింది, ఉతికినా బాగుపడదు.

ఉతికే పద్ధతి

1. దిండుకు కుట్టిన చీటీ చూడండి. నీళ్ళ తొట్టి బొమ్మలో 40 అనో 60 అనో ఉంటే అంత వేడి వరకు తట్టుకుంటుందని అర్థం. తొట్టి బొమ్మ మీద అడ్డంగా కొట్టివేత ఉంటే ఉతకకూడదు.

2. కుట్లు ఊడి ఉంటే ముందే కుట్టండి. తరువాత పొడి దిండును వంటింటి త్రాసులో గానీ, కిరాణా కొట్టులో గానీ తూచి, ఆ బరువు వ్రాసి పెట్టుకోండి. ఎందుకో క్రింద చెబుతాను.

3. మరిగిన నీళ్ళు, చన్నీళ్ళు సమానంగా కలిపితే సుమారు 60 డిగ్రీల వేడి వస్తుంది. 55 డిగ్రీలు దాటిన నీటిలో డస్ట్ మైట్ చనిపోతుంది. ఈ వేడికి చెయ్యి కాలుతుంది, కర్రతో అదమండి, పిల్లలను దగ్గరకు రానివ్వకండి. చీటీ మీద 40 అనే ఉంటే గోరువెచ్చని నీళ్ళే వాడండి. పురుగులు అన్నీ చావకపోయినా వాటి మలం నీటిలో కరిగి చాలా వరకు పోతుంది.

4. సబ్బు పొడి రెండు చిన్న చెంచాలు చాలు. ఎక్కువ వేస్తే నురగ లోపలే ఉండిపోతుంది. అరగంట నాననిచ్చి, నీళ్ళు చల్లారాక అరచేతులతో నొక్కి వదలండి. బండ మీద బాదకండి, మెలిపెట్టి పిండకండి. పోగులు ఒకచోటికి చేరి గడ్డ కడతాయి.

5. నురగ పూర్తిగా పోయేదాకా నాలుగైదు సార్లు జాడించండి. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళలో చివరి జాడింపు మంచినీళ్ళతో చేయండి.

6. వాషింగ్ మెషీన్‌లో వేస్తే రెండు దిండ్లు కలిపి వేయండి. ఒక్కటే వేస్తే బరువు ఒక ప్రక్కకు చేరి మెషీన్ ఊగుతుంది.

ఆరబెట్టడం

నూలు తన బరువులో 8 శాతం దాకా గాలిలోని తేమను తనలోకి పీల్చుకుంటుంది. పాలిస్టర్ పోగు అర శాతం కూడా పీల్చుకోదు. నీరు పోగులోకి వెళ్ళదు గానీ, పోగుకూ పోగుకూ మధ్య నిలుస్తుంది. పైనున్న పోగులు గంటలో ఆరిపోతాయి, నడిమి నీటికి గాలి తగలదు. మనం మోసపోయేది ఇక్కడే.

దిండును పొడి తువ్వాలులో చుట్టి మోకాళ్ళతో అదమండి. రెండు మూడు తువ్వాళ్ళు తడుస్తాయి. తరువాత నులక మంచం మీద ఎండలో వేయండి, క్రింద నుండి కూడా గాలి ఆడుతుంది. డాబా నేల మీద వేస్తే క్రింది వైపు ఉక్కిపోతుంది. గంటకొకసారి తిరగవేసి, చేత్తో గడ్డలు విడదీసి, రెండు చేతుల మధ్య తట్టండి. మంచు పడకముందే, సాయంత్రం నాలుగు గంటలకల్లా లోపలికి తెచ్చి ఫ్యాను క్రింద ఉంచండి. మరునాడు మళ్ళీ ఎండలో వేయండి. ఇస్త్రీ పెట్టవద్దు, వేడికి ఈ పోగులు అణిగి కరుగుతాయి.

ఆరిందని ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు దిండును మళ్ళీ తూచండి. పోగు నీటిని పీల్చుకోదు కాబట్టి, ఉతకక ముందు బరువు కంటే 50 గ్రాములు ఎక్కువ ఉన్నా అది లోపల నిలిచిన నీరే. త్రాసు లేకపోతే దిండు నడుమ గట్టిగా అదిమి చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే ఆరలేదు. ముక్కిన వాసన వస్తే మళ్ళీ ఉతికి ఆరబెట్టాలి. నల్ల మచ్చలు కనిపిస్తే పారవేయాలి.

రోగి వాడిన దిండు

క్షయ రోగి దిండును, దుప్పటిని కాల్చివేసే కుటుంబాలు ఉన్నాయి. అది అవసరం లేదు. క్షయ గాలి ద్వారా వస్తుంది, దిండు వలన రాదు. రోగి మందులు మానకుండా చూడడం, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకునేలా చూడడం ముఖ్యం.

గజ్జి ఉన్నవారి దిండును, గలీబును వేడి నీళ్ళతో ఉతకాలి. ఉతకడానికి వీలు కాకపోతే ప్లాస్టిక్ సంచిలో మూడు రోజులకు పైగా మూటకట్టి ఉంచండి. మనిషి ఒంటికి దూరమైన గజ్జి పురుగు సాధారణంగా రెండు మూడు రోజులకు మించి బ్రతకదు.

వరద నీటిలో మునిగిన దిండును ఉతికి వాడవద్దు. 1986 ఆగస్టులోనూ, 2022 జూలైలోనూ లంక గ్రామాల్లో వరద నీరు చూసినవారికి ఆ నీటిలో మరుగుదొడ్ల మురికి కూడా కలిసి ఉంటుందని తెలుసు. దిండు లోపలికి ఇంకిన మురికి పూర్తిగా పోదు.

జాగ్రత్తలు

దిండ్ల మధ్య, పసిబిడ్డ పక్కబట్టల మధ్య నాఫ్తలిన్ గోళీలు ఉంచకండి. జి.6.పి.డి. అనే ఎంజైము లోపమున్న శిశువులలో ఆ వాసన వలన రక్తకణాలు విచ్ఛిన్నమై తీవ్రమైన కామెర్లు రావచ్చు.

ఏడాది లోపు బిడ్డకు ఏ దిండూ అవసరం లేదు. మెత్తని దిండులో ముఖం కూరుకుంటే ఊపిరి ఆడదు.

ఉబ్బసం ఉన్న బిడ్డకు శుభ్రమైన దిండు ఒక సహాయం మాత్రమే, మందుకు బదులు కాదు. దిండు మార్చాము కదా అని ఇన్‌హేలర్ మానవద్దు. మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా, ఊపిరికి ప్రక్కటెముకల మధ్య లోపలికి గుంజుకుపోతున్నా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

గుర్తుంచుకోవలసినవి

– గలీబు వారానికొకసారి, దిండు ఏడాదికి రెండు మూడు సార్లు.
– రెండు రోజుల ఎండ ఉంటేనే ఉతకాలి.
– సబ్బు తక్కువ, జాడింపు ఎక్కువ.
– ముందు బరువు, తరువాత బరువు సరిపోయాకే గలీబు తొడగాలి.