ఫెర్మా తప్పు – 641 జవాబు

యూనిట్ పరీక్షలో నేను 91ని ప్రధాన సంఖ్య అని రాశాను. అది 7 × 13 కదా! క్లాసంతా నవ్వింది. అప్పట్నుంచి లెక్కల పీరియడ్‌లో చెయ్యెత్తాలంటే భయం. అది చూసి మాస్టారు నాకొక పెద్ద సంఖ్య సంగతి చెప్పారు.

2 రాయండి. దాని వర్గం 4, దాని వర్గం 16, తర్వాత 256, 65,536. ఒక్కోదానికి 1 కలపండి. 3, 5, 17, 257, 65,537 వస్తాయి. ఐదూ ప్రధాన సంఖ్యలే! ఇలా ఎంతవరకు పోయినా ప్రధాన సంఖ్యలే వస్తాయని 17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు ఫెర్మా అనుకున్నాడు. ఆరోది 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. అంత పెద్దదాన్ని ఎవరు భాగించి చూస్తారు?

ఆయిలర్ చూశాడు. 641తో భాగిస్తే శేషం సున్నా అని 1732లో చెప్పాడు. దీని కారణాంకం ఏదైనా 64 గుణిజానికి 1 కలిపినట్టే ఉంటుందని ఆయనే రుజువు చేశాడు. 65, 129, 193... ఇలా పోతే పదోదే 641!

నేనూ స్టడీ అవర్‌లో భాగించాను. రెండుసార్లు తప్పింది. మూడోసారి భాగఫలం 67,00,417, శేషం సున్నా వచ్చింది. ఎంత సంతోషమో!

ఫెర్మా ఐదింటిని చూసి అన్నీ అంతే అనుకున్నాడు. అయినా వాటిని నేటికీ ఫెర్మా సంఖ్యలనే అంటారు. తప్పు చేసినవాణ్ణి లెక్కలు వెళ్ళగొట్టవు. నేను మళ్ళీ చెయ్యెత్తుతున్నాను.

మీకో ప్రశ్న: 119, 127, 143లో ప్రధాన సంఖ్య ఏది? ఊహించకండి, భాగించి చూడండి.