ఉభయకుశలోపరి

పాత తెలుగు ఉత్తరాల్లో పలకరింపు అయ్యాక 'ఉభయకుశలోపరి' అని ఒక మాట పడేది. ఇక్కడ మేం క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాం, ఇక ఆ పైన సంగతి అని దానర్థం. పెద్దమ్మాయికి సంబంధం కుదరడం, గేదె ఈనడం, మెరక చేను కౌలుకివ్వడం లాంటి అసలు విషయాలన్నీ ఆ మాట తర్వాతే వచ్చేవి. అమెరికాలోని తెలుగువాళ్లు వారానికోసారి ఇంటికి చేసే వీడియో కాల్‌లో కుశలం మిగిలింది గానీ 'ఉపరి' జారిపోయింది. తిన్నావా, చలి ఎలా ఉంది, పిల్లాడేం చేస్తున్నాడు, అంతా బాగానే ఉంది, ఉంటా మరి. ఇరవై నిమిషాలు ఇలాగే గడుస్తాయి. ఈ ఆరు నెలల్లో ఉద్యోగం మారిన సంగతి గానీ, ఇల్లు ఖాళీ చేసిన కారణం గానీ, డాక్టరు చెప్పిన మాట గానీ ఆ ఇరవై నిమిషాల్లోకి రావు.

ఇంటికి కబురు పంపే ఖర్చు తగ్గేకొద్దీ ముందస్తు సన్నాహం కూడా తగ్గింది. నీలంరంగు ఏరోగ్రామ్‌లో ఉన్నది ఒక్క కాగితమే కాబట్టి ఏది రాయాలో ముందే తేల్చుకోవాల్సి వచ్చేది. మరిచిపోయిన ముక్క ఉంటే అంచు వెంట అడ్డంగా ఇరికించేవారు. తొంభైల్లో కాలింగ్ కార్డు గీకి నంబరు నొక్కేవాళ్లు నిమిషాలు లెక్కపెట్టుకుంటూ, మాట్లాడాల్సినవి ముందే చీటీ మీద రాసుకునేవారు. 2009లో వాట్సాప్ వచ్చింది, కొన్నేళ్లకు కాల్స్ ఉచితమయ్యాయి, ఆ చీటీ అవసరం తీరిపోయింది. అలవాటుగా దాన్ని మళ్లీ తెచ్చుకోవడం ఈ విషయంలో అన్నిటికన్నా తేలికైన మెరుగుదల. ఫ్రిజ్ మీద అంటించిన కాగితం మీద వారమంతా రెండు మూడు ముక్కలు రాసిపెట్టుకుంటే చాలు. 'కొత్త మేనేజరు', 'మోకాలి నొప్పి తగ్గింది', 'పక్కింటివాళ్లు వెళ్లిపోయారు' లాంటివి.

వేళ కూడా చూసుకోవాలి. వేసవిలో డాలస్‌లో శనివారం ఉదయం ఎనిమిదిన్నర అయితే గుంటూరులో సాయంత్రం ఏడు. నవంబరు మొదటి ఆదివారం అమెరికా గడియారాలు గంట వెనక్కి తిప్పుతుంది. ఆపైన అదే ఎనిమిదిన్నరకు అక్కడ రాత్రి ఎనిమిదవుతుంది. భోజనాల వేళో, సీరియల్ వేళో అడ్డొస్తుంది. "టైము మారిందమ్మా" అంటే "ఎవరు మార్చార్రా?" అని ఏటా అదే ప్రశ్న. పెద్ద సంగతి చెప్పాలనుకున్నప్పుడు సీరియల్ వేళకు ఫోన్ చేయకపోవడం కూడా మర్యాదే.

ఏది చెప్పాలన్నదానికన్నా ఏది దాస్తున్నారన్నది పెద్ద చిక్కు. వాళ్లు కంగారుపడతారని ఇక్కడివాళ్లు దాస్తారు, వీళ్లు దిగులుపడతారని అక్కడివాళ్లు దాస్తారు. ప్రేమతో చేసే పనే గానీ, ఆ సంగతి ఏ బంధువుల వాట్సాప్ గ్రూపులోనో బయటపడిన రోజున అసలు కబురుకన్నా దాచారన్న బాధే ఎక్కువవుతుంది. ఉద్యోగం పోవడమే తీసుకుంటే, హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం గరిష్ఠంగా 60 రోజుల వెసులుబాటు ఉంటుంది. ఈ లెక్క తెలియని తల్లిదండ్రులకు 'ఉద్యోగం పోయింది' అన్న మాట 'రేపే పంపించేస్తారు' అన్నట్టు వినిపిస్తుంది. అందుకే చెప్పే వరస ముఖ్యం. జరిగింది ముందు, గడువు తర్వాత, చేస్తున్న ప్రయత్నం ఆ తర్వాత. "అమ్మా, మంగళవారం ఉద్యోగం తీసేశారు. రెండు నెలల టైముంది. రెండుచోట్ల ఇంటర్వ్యూలు అయ్యాయి. నాన్నకు నేనే చెప్తాను, నువ్వు కంగారుపడకు." ఈ నాలుగు మాటల్లో తల్లికి కావలసినవన్నీ ఉన్నాయి. ఆఖరిది ఆమె నెత్తిన బరువు పెట్టకుండా చూసే మాట.

మంచి కబురుకు వేరే ప్రమాదం ఉంది. కొత్త ఉద్యోగం వచ్చిందనగానే అటునుంచి వచ్చే మొదటి ప్రశ్న "ప్యాకేజీ ఎంత?" దానికి ఒక అంకె చెప్తే సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. మంచి వార్త విన్నవారు ఎలా స్పందిస్తారన్నదాని మీద షెల్లీ గేబుల్ అనే మనస్తత్వవేత్త 2004లో పరిశోధన ప్రచురించారు. ఆసక్తిగా గుచ్చి గుచ్చి అడిగి, చెప్పినవారి ఆనందాన్ని సాగదీసేవాళ్లతో బంధం గట్టిపడుతుందని అందులో తేలింది. మొదటిరోజు ఎక్కడ కూర్చోబెట్టారు, మధ్యాహ్నం ఎవరితో తిన్నావు అని అడిగే తండ్రి ఈ పరిశోధన చదివి ఉండనక్కర్లేదు. పిల్లలు కూడా అదే వరసలో తిరిగి అడగవచ్చు. బోరు వేయించామని నాన్న అంటే 'మంచిది' అని వదిలేయకుండా, ఎన్ని అడుగుల్లో నీళ్లు పడ్డాయో అడగాలి.

ఇంటికి చెప్పే కబుర్లలో ఇంకొకటి, కొత్త ఏడాది చదువు సంకల్పం. కొత్త సంవత్సరం రాగానే ఈసారి ఇన్ని పుస్తకాలు చదువుతానని ప్రకటించడం అమెరికాలో మామూలే. గుడ్‌రీడ్స్ 2011 నుంచి ఏటా ఇలాంటి చాలెంజ్ నడుపుతోంది. ఆ ప్రకటన కుటుంబం ముందుకూ వస్తుంది. అయితే ముందే చాటడంలో ఒక మెలిక ఉంది. న్యూయార్క్ యూనివర్సిటీలో పనిచేసిన పీటర్ గోల్‌విట్జర్, సహచరులతో కలిసి 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో, తాము ఫలానావాళ్లం అనిపించుకోవడానికి సంబంధించిన సంకల్పాలను ఎదుటివారు గుర్తించాక ఆ పనిమీద పెట్టే శ్రమ తగ్గినట్టు కనిపించింది. 'మావాడు తెగ చదువుతాడు' అనిపించుకోవడంతోనే సగం తృప్తి దొరికిపోతుందన్నమాట. కాబట్టి ఇంట్లోవాళ్లకు ఎన్ని చదవబోతున్నామో చెప్పడం కన్నా, ఈ వారం చదివిన దాంట్లో ఏముందో చెప్పడం మేలు.

లెక్క చిన్నదే. ఏడాదికి 12 పుస్తకాలు, ఒక్కోటి 250 పేజీలు అనుకుంటే మొత్తం 3,000 పేజీలు, రోజుకు ఎనిమిదికి కాస్త ఎక్కువ. అలవాటు కుదరడానికి 21 రోజులు చాలనే మాట బాగా ప్రచారంలో ఉంది. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించి చూస్తే మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, కొందరికి 18, కొందరికి 254 అని అంచనా కట్టారు. జనవరిలో మొదలుపెట్టి ఫిబ్రవరిలో తడబడినవారు తమను తాము తిట్టుకోనక్కర్లేదు.

ఇంటివాళ్లతో కలిసి చదివితే చదవడం, ఇంటితో మాట్లాడటం అనే రెండు పనులూ ఒక్కటవుతాయి. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' ఇందుకు చక్కగా సరిపోతుంది. నూరు కథలు, ఒక్కోటీ నాలుగైదు పేజీలు. వారానికొకటి చొప్పున అక్కడ అమ్మ, ఇక్కడ కూతురు చదువుకుంటే దాదాపు రెండేళ్లు మాటకు లోటుండదు. పైగా కథ మీద మాట్లాడుతూ మాట్లాడుతూ ఎప్పటిదో ఇంటి సంగతి ఒకటి తల్లి నోటివెంట వస్తుంది. నేరుగా అడిగితే రానిది అది. నవలే కావాలంటే కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' నిడివిలో చిన్నది. 'వేయిపడగలు' అంత పెద్ద నవలతో మొదలుపెట్టడం మాత్రం ఎవరికీ సిఫారసు చేయదగ్గది కాదు. పిల్లలకు తెలుగు నేర్పే మనబడి తరగతులు 2007 నుంచి నడుస్తున్నాయి. అక్కడ అక్షరాలు నేర్చిన పిల్లలు ఫోన్‌లో నాయనమ్మకు ఒక్క పేజీ చదివి వినిపిస్తే, తప్పులు దిద్దడంలో ఆమెకూ పని దొరుకుతుంది. మిషిగన్‌లో 1998లో మొదలైన డెట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ లాంటిచోట పెద్దవాళ్లకూ తోడు ఉంది.

పుస్తకాలు దొరకవన్నది సగమే నిజం. అమెరికా గోధుమలకు భారత్ రూపాయల్లో చెల్లించిన సొమ్ములో కొంత, పి.ఎల్. 480 చట్టం కింద, 1962 నుంచి భారతీయ భాషల పుస్తకాలు కొనడానికి వెళ్లింది. అలా వచ్చిన తెలుగు పుస్తకాలు విస్కాన్సిన్, షికాగో లాంటి యూనివర్సిటీల లైబ్రరీల్లో ఉన్నాయి. ఊళ్లోని పబ్లిక్ లైబ్రరీలో ఇంటర్‌లైబ్రరీ లోన్ అడిగితే చాలాసార్లు తెప్పించి ఇస్తారు. మిగతావి అమ్మానాన్నల సూట్‌కేసులో రావాలి. సాధారణంగా పెట్టెకు 23 కిలోలే. ఆవకాయ సీసా, గోంగూర పచ్చడి, కందిపొడి సర్దాక కొక్కేనికి తగిలించి తూచే చిన్న త్రాసు మీద ముల్లు 22 దగ్గర ఆగితే, మిగిలిన కిలోలో మూడో నాలుగో సన్న పుస్తకాలు పడతాయి. ఏవి పెట్టాలో తేల్చడానికి ప్రయాణానికి ముందు వారం ఫోన్ కాల్ మొత్తం పడుతుంది.