సింక్ ఎక్కడ, స్టవ్ ఎక్కడ? అపార్ట్‌మెంట్ వంటగదిపై ప్రశ్నలు - జవాబులు

కొత్త ఫ్లాటు తీసుకున్నవాళ్ల నుంచి ఈమధ్య వంటగది గురించే ఎక్కువ ఉత్తరాలు వస్తున్నాయి. గట్టు ‘ఎల్’ ఆకారంలో కట్టించాలా, ‘యు’ ఆకారంలోనా అన్నదే అందరి సందేహం. నేను ముందుగా మూడు సంగతులు అడుగుతాను. తలుపులు ఎక్కడున్నాయి? సింక్ నీళ్లు పోయే గొట్టం ఎక్కడుంది? సింక్‌కీ స్టవ్‌కీ మధ్య ఎంత గట్టు మిగులుతుంది? మూడోది అన్నిటికన్నా ముఖ్యం. కూరలు తరిగేదీ, పిండి కలిపేదీ, కుక్కర్ దించేదీ, కంచాల్లో వడ్డించేదీ ఆ కాస్త జాగాలోనే. ఆ జాగా చాలకపోతే ఎంత ఖరీదైన మాడ్యులర్ కిచెన్ పెట్టించినా రోజూ ఇబ్బందే.

ప్రశ్న: నిజాంపేటలో రెండు పడకగదుల ఫ్లాటు తీసుకున్నాం. వంటగది 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. ఒక చివర హాల్లోంచి వచ్చే తలుపు, సరిగ్గా ఎదురు చివర యుటిలిటీలోకి వెళ్లే తలుపు ఉన్నాయి. గట్టు ఎల్ ఆకారంలో వేయించాలా, ఎదురెదురుగా రెండు వైపులా వేయించాలా తేల్చి చెప్పమని బిల్డర్ అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?
- ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: రెండు వైపులా వేయించమని చెప్పండి. మీ గదిలో పొట్టి గోడలు రెండూ తలుపులకే పోయాయి. ఎల్ వేయిస్తే దాని పొట్టి భాగం తలుపు పక్కన మిగిలిన రెండు మూడు అడుగుల ముక్కతో ఆగిపోతుంది. పైగా మూల దగ్గర గట్టు కింద రెండడుగుల చదరం చేయి అందని చీకటి అర అవుతుంది. అందులో పెట్టిన గిన్నె మళ్లీ పండక్కి గానీ బయటికి రాదు. ఆ మూలకు తిరిగే స్టీల్ అరలు దొరుకుతాయి కానీ వాటికయ్యే ఖర్చు చాలా ఎక్కువ.

ఇప్పుడు లెక్క చూడండి. గది వెడల్పు 8 అడుగులు. రెండు వైపులా రెండేసి అడుగుల గట్టు పోగా మధ్యలో 4 అడుగుల దారి మిగులుతుంది. ఇద్దరు మనుషులు ఒకరినొకరు తగలకుండా తిరగడానికి కావాల్సింది అంతే. మూడడుగులకు తగ్గితే ఒకరు వంగి కింది సొరుగు లాగినప్పుడు రెండోవారు ఆగిపోవాలి.

సింక్, స్టవ్ రెండూ ఒకే వైపు ఉండాలి. ఇది మాత్రం వదులుకోకండి. చాలామంది సింక్ ఒక వైపు, స్టవ్ ఎదురు వైపు పెట్టిస్తారు. అప్పుడు కడిగిన ఆకుకూర నుంచి నీళ్లు దారి పొడవునా కారతాయి. అన్నం గంజి వార్చే ఇల్లయితే మరుగుతున్న గిన్నె పట్టుకుని దారికి అడ్డంగా తిరగాలి. మీ వంటగది యుటిలిటీకి దారి కూడా. గిన్నెలు తోమే ఆమె, బట్టలు ఆరేసేవాళ్లు, పిల్లలు అందరూ ఆ నాలుగడుగుల్లోంచే వెళ్లాలి.

పది అడుగుల గోడను ఇలా పంచుకోండి. యుటిలిటీ వైపు చివర సింక్‌కు 2 అడుగులు, తర్వాత 3 అడుగుల ఖాళీ గట్టు, తర్వాత స్టవ్‌కు రెండున్నర, దాని అవతల మరో రెండున్నర. స్టవ్ అవతలి ఆ ముక్క లేకపోతే దించిన బాణలి పెట్టే చోటుండదు, మూకుడు కాడ దారిలోకి పొడుచుకొస్తుంది. సింక్ యుటిలిటీ వైపే ఎందుకంటే సాధారణంగా మురుగు గొట్టం ఆ పక్కనే దిగుతుంది. ఎదురు గట్టు మీద మిక్సీ, గ్రైండర్, ఓవెన్ పెట్టుకోండి. ఫ్రిజ్ మాత్రం హాలు తలుపు దగ్గర ఉండాలి. మంచినీళ్ల కోసం వచ్చిన పిల్లలు వంట జరిగే చోటిదాకా రానక్కర్లేదు.

1940లలో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఆర్కిటెక్చర్ విభాగం వాళ్లు ఫ్రిజ్, సింక్, స్టవ్‌ల మధ్య నడక దూరాన్ని పరిశీలించి, మూడు దూరాలూ కలిపి 13 నుంచి 26 అడుగుల లోపు ఉంటే పని సులువని చెప్పారు. పైన చెప్పిన పద్ధతిలో మీకు సుమారు 19 అడుగులు వస్తుంది. బిల్డర్‌కు ఒప్పుకునే ముందు సుద్దముక్కతో నేల మీద గట్లు గీసి, ఇద్దరు నిలబడి ఇడ్లీ పొద్దును ఒకసారి అభినయించి చూడండి. పిండి ఫ్రిజ్‌లోంచి తీయడం దగ్గర్నుంచి పాత్ర సింక్‌లో వేసేదాకా.

ప్రశ్న: గచ్చిబౌలి దగ్గర పదిహేనో అంతస్తులో మా ఫ్లాటు. హాలుకూ వంటగదికీ మధ్య గోడ తీసేసి ఓపెన్ కిచెన్ చేయించాలని మా అబ్బాయి పట్టుదల. మా ఆవిడకు ఇష్టం లేదు. ఎవరి మాట వినాలి?
- విశ్రాంత ఉద్యోగి

జవాబు: వండేవారి మాట వినండి. అంతకన్నా ముందు ఆ గోడ దేనితో కట్టారో కనుక్కోండి. ఈమధ్య కడుతున్న ఎత్తైన భవనాల్లో చాలావాటికి ఇటుక గోడలు ఉండవు. అల్యూమినియం అచ్చులు బిగించి గోడలు, పైకప్పు కాంక్రీటుతో కలిపి పోస్తారు. అలాంటి గోడ భవనం బరువు మోస్తుంది, దాన్ని ముట్టుకోకూడదు. ఇటుక గోడే అయినా స్ట్రక్చరల్ ఇంజినీరు రాతపూర్వకంగా చెప్పాలి, అసోసియేషన్ అనుమతి ఉండాలి.

ఇక వంట సంగతి. ఎండుమిరపకాయల తాలింపు పడ్డప్పుడు మూసిన గదిలోనే తుమ్ములు ఆగవు. చేపల పులుసు వాసన సోఫా గుడ్డల్లో రెండు రోజులు ఉంటుంది. చిమ్నీ ఉందిగా అంటారు. పొగను గొట్టం ద్వారా భవనం బయటికి పంపే చిమ్నీ అయితే చాలావరకు పని చేస్తుంది, అదీ గొట్టం పొట్టిగా, ఒకటి రెండు మలుపులకు మించకుండా ఉంటేనే. గొట్టం లేకుండా బొగ్గు ఫిల్టర్‌తో గాలిని మళ్లీ గదిలోకే వదిలేవి మన వేపుళ్లకు చాలవు. చిమ్నీ స్టవ్ మీద 26 నుంచి 30 అంగుళాల ఎత్తులో ఉండాలి. ఇంకా పైకి బిగిస్తే పొగ పక్కలకు పోతుంది.

మీ అబ్బాయికి కావాల్సింది వెలుతురూ, వంట చేస్తున్న అమ్మతో మాట్లాడే వీలూ అయితే గోడ పడగొట్టక్కర్లేదు. తలుపు స్థానంలో పక్కకు జరిగే గాజు తలుపు పెట్టించండి. తాలింపు వేసేటప్పుడు మూసుకుంటారు, మిగతా వేళ తెరిచి ఉంచుతారు.

ప్రశ్న: మా స్టవ్ వాయవ్యంలో ఉంది. ఆగ్నేయానికి మార్చాలని, సింక్ కూడా ఈశాన్యానికి జరపాలని వాస్తు చూసినాయన చెప్పారు. మార్చవచ్చా?
- గుంటూరు పాఠకురాలు

జవాబు: స్టవ్ మార్చడం తేలిక. గ్యాస్ గొట్టం, చిమ్నీ దారి చూసుకుంటే చాలు. వాయవ్యం కూడా పనికొస్తుందని చెప్పే వాస్తు పండితులు ఉన్నారు కాబట్టి ఇంకొకరిని అడగండి. సింక్ జరపడం మాత్రం వేరే సంగతి. మురుగు గొట్టానికి నేలలో వాలు కావాలి. దూరం పెరిగితే వాలు చాలక జిడ్డు పేరుకుంటుంది, గచ్చు పగలగొడితే కింది ఫ్లాటు కప్పులోకి నీళ్లు దిగుతాయి. సింక్‌ను కదపవద్దు. నిప్పూ నీరూ పక్కపక్కన వద్దని వాస్తు చెప్పేదీ, రెండింటికీ మధ్య మూడడుగులు వదలమని నేను చెప్పేదీ ఒకచోటే కలుస్తున్నాయి.

ప్రశ్న: నేను 5 అడుగుల 6 అంగుళాలు, మా అత్తయ్యగారు 4 అడుగుల 11 అంగుళాలు. ఇద్దరం వండుతాం. పాత ఇంట్లో గట్టు ఆవిడకు సరిపోయేది, నాకు నడుము నొప్పి వచ్చేది. కొత్త ఫ్లాటులో ఎంత ఎత్తు పెట్టించాలి?
- ఉపాధ్యాయిని, విజయవాడ

జవాబు: చాలా అవసరమైన ప్రశ్న. కార్పెంటర్లు అడక్కుండానే 32 లేదా 34 అంగుళాలు పెట్టేస్తారు. దాని బదులు చెప్పులు లేకుండా నిటారుగా నిలబడి, మోచేయి మడిచి, నేల నుంచి మోచేతి దాకా కొలవండి. అందులోంచి 4 నుంచి 6 అంగుళాలు తీసేస్తే తరగడానికి సరైన ఎత్తు వస్తుంది. మీకు అది దాదాపు 36, అత్తయ్యగారికి 32 రావచ్చు.

సగటు తీసి 34 పెట్టించడం తేలికైన దారి కానీ ఇద్దరికీ సగం సగం అసౌకర్యమే. పనిని బట్టి ఎత్తు మార్చండి. స్టవ్ ఉన్న గట్టు అత్తయ్యగారి కొలతకు దగ్గరగా ఉండాలి. ఎందుకంటే గట్టు మీద పెట్టే స్టవ్ తానే 4, 5 అంగుళాల ఎత్తు. దాని మీద ఐదు లీటర్ల కుక్కర్ పెడితే అంచు భుజం దాకా వస్తుంది. గరిటె తిప్పాలంటే మోచేయి పైకెత్తాలి, లోపల పప్పు అడుగంటుతోందో లేదో కనపడదు. పొట్టివాళ్లు ఆవిరి మీదికి మొహం వంచేది అందుకే. ఆ గట్టును 32 ఉంచి, స్టవ్‌ను గట్టులోకి దించి బిగించే హాబ్ పెట్టిస్తే ఆవిడకు ఎత్తు సమస్య ఉండదు. మీకు తరిగేటప్పుడు నాలుగంగుళాల ఎత్తు చెక్క పలక వేసుకుంటే సరిపోతుంది. సింక్ గట్టు 34, 35 దాకా పెంచండి. సింక్‌లో చేతులు గట్టుకన్నా ఆరేడు అంగుళాలు కిందికి వెళతాయి, నడుము వంగేది అక్కడే.

వీలుంటే ఒక మూల 28, 30 అంగుళాల ఎత్తులో, కింద కాళ్లు పెట్టుకునేలా ఖాళీ వదిలి రెండడుగుల పలక వేయించండి. స్టూలు మీద కూర్చుని గోంగూర వలచడానికీ, చపాతీ పిండి కలపడానికీ అత్తయ్యగారు దాన్ని ఎంత వాడతారో చూస్తారు. గ్రైండర్‌కు కూడా తక్కువ ఎత్తే మేలు, మినప్పిండి తోడేటప్పుడు భుజాలు ఎత్తనక్కర్లేదు.

ఒక జాగ్రత్త. ఎత్తు ఎప్పుడూ టైల్స్ వేసిన నేల నుంచి గ్రానైట్ పైభాగం దాకా అని రాసి ఇవ్వండి. గచ్చు మీంచి కొలిచి, ఆ తర్వాత టైల్స్ వేస్తే అంగుళానికి పైగా తేడా వస్తుంది. అలాగే అరల అడుగున 4 అంగుళాల ఎత్తు, 3 అంగుళాల లోతు వదలమనండి. పాదాలు లోపలికి వెళితే ఒళ్లు గట్టుకు దగ్గరగా నిలబడుతుంది.

గట్టు రాయికి గ్రానైట్ చాలు. చింతపండు, నిమ్మరసం పడితే పాలరాయి మీద మచ్చ దిగిపోతుంది, గ్రానైట్ మీద దిగదు. చీమకుర్తి నల్లరాయి మీద పసుపు మరక కూడా నిలవదు.

ప్రశ్న: విశాఖలో సముద్రానికి దగ్గరగా పాత ఫ్లాటు కొన్నాను. వంటగది వెడల్పు 6 అడుగులే, పొడవు 11. ఒక్కణ్నే ఉంటాను. మాడ్యులర్ కంపెనీ వాళ్లు యు ఆకారం వేస్తామంటున్నారు. సరిపోతుందా?
- బ్యాంకు ఉద్యోగి

జవాబు: సరిపోదు. రెండు వైపులా రెండేసి అడుగులు పోతే నిలబడటానికి 2 అడుగులే మిగులుతాయి. ఒకే గోడకు గట్టు వేయించి, ఎదురు గోడకు అడుగు లోతు అరలు పెట్టించండి. మధ్యలో 3 అడుగులు ఉంటాయి, ఒక్కరికి హాయిగా సరిపోతుంది. అడుగు లోతు అరలో డబ్బాలు ఒకదాని వెనక ఒకటి దాక్కోవు, ఏముందో ఒక్క చూపులో తెలుస్తుంది.

మీ గది చిన్నదని బాధపడకండి. మన జాతీయ భవన నియమావళి వంటగదికి కోరే కనీస వెడల్పు 1.8 మీటర్లు, అంటే దాదాపు మీకున్నంతే. 1926లో జర్మనీలో మార్గరెటె ష్యూట్టె లిహొట్జ్‌కీ అనే ఆర్కిటెక్ట్ రూపొందించిన ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్ వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4. నేటి మాడ్యులర్ కిచెన్లకు మూలం అదే. ఆమె కిటికీ కింద వెలుతురులో పని బల్ల, కూర్చోవడానికి స్టూలు పెట్టారు. మీ గదికి చివర కిటికీ ఉంటే మీరూ ఆ చోటు తరిగే పనికే ఉంచుకోండి, ఫ్రిజ్‌తో మూసేయకండి.

సముద్రపు గాలికి మామూలు తీగ బుట్టలు తుప్పు పడతాయి. 304 రకం స్టీల్ అడగండి. అరలకు ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ వాడమనండి, కనీసం సింక్ కింది పెట్టెకైనా. ఎండీఎఫ్ చెక్క నీళ్లు తగిలితే ఉబ్బుతుంది.

ప్రశ్న: గ్యాస్ సిలిండర్‌ను గట్టు కింద అరలో తలుపు పెట్టి మూసేయవచ్చా? బయటికి కనిపిస్తే బాగుండదంటున్నారు మా ఇంటీరియర్ వాళ్లు.
- వరంగల్ పాఠకురాలు

జవాబు: గాలి ఆడకుండా మూసేయకూడదు. వంటగ్యాస్ గాలికన్నా బరువైనది, లీకైతే నేల మట్టంలో పేరుకుంటుంది. తలుపు పెట్టించాలంటే దాని అడుగు భాగంలో కచ్చితంగా రంధ్రాలో, జాలీయో ఉండాలి. సిలిండర్ నిలువుగా ఉండాలి, స్టవ్ దానికన్నా ఎత్తులో ఉండాలి. గ్యాస్ ట్యూబ్‌ను గోడలోంచి గానీ, సొరుగుల వెనక నుంచి గానీ తీసుకెళ్లవద్దు. ట్యూబ్ మొత్తం కంటికి కనపడాలి, ఒకటిన్నర మీటర్లకు మించకూడదు. సిలిండర్‌ను యుటిలిటీలో పెట్టుకోవాలంటే రబ్బరు ట్యూబ్ అంతదూరం లాగకుండా, గ్యాస్ ఏజెన్సీ మెకానిక్‌తో రాగి గొట్టం వేయించండి.

సురక్షా ట్యూబ్‌ను ఐదేళ్లకొకసారి మార్చాలి. తేదీ దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. కొత్త వంటగది కట్టించుకుంటున్నవాళ్లే కాదు, ఇది చదువుతున్నవాళ్లందరూ ఇవాళ వంటింట్లోకి వెళ్లి ఆ తేదీ ఒకసారి చూడండి.